గొర్రె తిన్నది మనిషి తినవచ్చునా?

కొన్నేండ్ల క్రిందట, వానలు ముఖం చాటువేసిన ఒక కార్తీకమాసంలో, గ్రామీణ కార్యక్రమానికి ధ్వనిముద్రణ చేయవలసి కల్యాణదుర్గం వైపు వెళ్ళాను. వేరుసెనగ పైరు ఊడలు దిగకముందే ఎండిపోయింది. ఎర్రనేల మీద ఎక్కడ చూచినా బూడిదరంగు ఆకులే. చేనిగట్ల వెంట మాత్రం గిలిగిచ్చ మొక్కలు చెక్కుచెదరక నిలిచి ఉన్నవి. ఎండిన కాయను చెవి దగ్గర ఆడిస్తే లోపలి గింజలు పసిబిడ్డ గిలక్కాయలాగ గలగలమంటవి. ఒక గొర్రెలమంద ఆ మొక్కల్నే కొరుక్కొని తింటున్నది.

“తాతా, ఆ మొక్క విషమంటారు గదా, మందను అందులోకి వదిలినావేమి?” అని కాపరిని అడిగాను. ఆయన కర్రమీద గడ్డం ఆనించి నన్నొకసారి ఎగాదిగా చూచి, “గొర్రె తిని బతుకుతాంది గదా సామీ! గొర్రె తిన్నెది మనిసి తింటే మాత్రం ఏమయితాది? కరువుల్లో మా అవ్వోల్లు గొర్రెను చూసే ఆకు కోసుకొనిరంట” అన్నాడు.

ఆనాడు నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ పెద్దాయన మాటలో అనుభవం ఉన్నది, తర్కం ఉన్నది. ఏండ్ల తరబడి కరువును చూచినవాడు చెప్పిన మాట అది. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే పీఠభూమి మనది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డగిస్తవి. ఈశాన్య ఋతుపవనం తూర్పుతీరం నుండి ఇంతదూరం వచ్చేసరికి అలసిపోతుంది. 1876–78 నాటి ధాత కరువు మొదలుకొని ఎన్నో కరువులను దాటివచ్చిన ప్రాంతంలో, ఏది తినవచ్చును, ఏది తినరాదు అన్న ప్రశ్న కాలక్షేపానికి వేసే ప్రశ్న కాదు. అందువల్ల ఆ తాత మాటకు జవాబు వెదకడమే ఈనాటి నా ప్రసంగం.

ముందుగా మొక్కలోని విషం సంగతి. మొక్క పరుగెత్తలేదు, కొమ్ముతో పొడవలేదు. తన్ను తినవచ్చే పురుగును, పశువును అది రసాయనాలతో నిలవరిస్తుంది. ఆ రసాయనాలలో ఒక పెద్ద కుటుంబం ఆల్కలాయిడ్లు. తెలుగులో క్షారాభాలు అంటారు. నత్రజని కలిగి, క్షారస్వభావం చూపుతవి కాబట్టి 1819లో జర్మనీ రసాయనజ్ఞుడు మైస్నర్ వాటికి ఆ పేరు పెట్టాడు. చాలావరకు చేదుగా ఉంటవి. ఈ కుటుంబం మనకు కొత్తది కాదు. కాఫీలోని కెఫీన్, పొగాకులోని నికోటిన్, వక్కలోని అరికోలిన్, నల్లమందులోని మార్ఫిన్, మలేరియాకు వాడిన క్వినైన్, ముసిడిగింజలోని స్ట్రిక్‌నైన్, ఉమ్మెత్తలోని అట్రోపిన్ అన్నీ క్షారాభాలే. ఒకటి తెల్లవారుజామున మనల్ని మేలుకొలుపుతుంది, ఒకటి నొప్పిని మరపిస్తుంది, ఒకటి ప్రాణమే తీస్తుంది. కుటుంబం ఒకటే అయినా ఇంత భేదం ఎందువల్ల? అవి దేహంలో ఎక్కడికి చేరుతవి, అక్కడ ఎంతసేపు నిలుస్తవి, పోతూ పోతూ ఏ రూపం తాల్చి పోతవి అన్న మూడు విషయాల మీద ఈ భేదం చాలావరకు ఆధారపడి ఉన్నది.

ఈ ప్రయాణం నోటితోనే మొదలవుతుంది. పొగాకు నలిపి, దానికి ఇంత సున్నం రాచి, దవడన పెట్టుకునే వారిని మనం ఎరుగుదుము. తాంబూలానికి సున్నం ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. ఆ సున్నం రుచికోసమే కాదు. ఆమ్లంలో ఉన్నప్పుడు క్షారాభపు అణువు విద్యుదావేశం పొందుతుంది. అట్టి అణువు మన కణాల చుట్టూ ఉన్న కొవ్వుపొరను దాటలేదు. సున్నం తగిలితే నోటిలో క్షారగుణం పెరుగుతుంది, అణువు ఆవేశాన్ని విడుస్తుంది, బుగ్గ లోపలి పొరను సులువుగా దాటి నెత్తురులో కలుస్తుంది. రసాయనశాస్త్రం పేరైనా వినని మన పూర్వులు సున్నపుకాయ మూతతో ఈ పని సాధించారు. కడుపులోని సంగతి వేరు. జఠరరసం ఆమ్లం కాబట్టి అక్కడ క్షారాభం నెత్తురులోకి అంతగా పోదు. చిన్నప్రేవు చేరిన తరువాతనే ఎక్కువభాగం లోపలికి ఇంకుతుంది.

నెత్తురులో కలిసిన క్షారాభం అన్ని అవయవాలకూ సమానంగా పంచబడదు. కాఫీని చూడండి. లోటాడు కాఫీ త్రాగితే అందులోని కెఫీన్ దాదాపు అంతా ముప్పావుగంటలో నెత్తురులో చేరుతుంది. దేహంలో నీరు ఎక్కడెక్కడ ఉన్నదో అక్కడికెల్లా ప్రాకుతుంది. మెదడుకు చేరుతుంది, గర్భంలోని శిశువుకు చేరుతుంది, తల్లిపాలలోనికీ చేరుతుంది. దానికి అడ్డుగోడ అన్నది లేదు.

అన్ని క్షారాభాలకూ ఈ స్వేచ్ఛ లేదు. మెదడులోని సన్నని రక్తనాళాల గోడలు చాలా బిగుతైనవి. ఊరిపొలిమేరలోని కావలివాడు వచ్చేపోయేవారిని ఆరా తీసినట్లు అవి ప్రతి పదార్థాన్నీ పరీక్షించి గాని లోపలికి విడువవు. ఉమ్మెత్త గింజలలోని అట్రోపిన్, స్కోపాలమిన్ అన్న క్షారాభాలు ఆ కావలిని దాటిపోతవి. కాబట్టి ఉమ్మెత్త తిన్నవానికి నోరెండిపోవడం, కంటిపాపలు విప్పారడం, ఒళ్ళు చెమట పట్టక వేడెక్కడం, గుండె వడిగా కొట్టుకోవడం మాత్రమే గాక మతిభ్రమణం కూడ కలుగుతుంది. లేనివారు ఉన్నట్లు కనబడతారు, ఉన్నవారిని గుర్తించలేడు. ఉమ్మెత్త తిన్నవానికి పిచ్చి పట్టినట్లవుతుందని మనవారు చెప్పే మాటకు మూలం ఇదే. పైగా ఈ క్షారాభాలు ప్రేవుల కదలికను మందగింపజేస్తవి. గింజలు లోపలనే నిలిచి కొంచెంకొంచెంగా విషం విడుస్తూ ఉంటవి కాబట్టి ఆ బాధ ఒకపూటతో తీరక ఒకటిరెండు దినాలు సాగవచ్చును.

ఇక మన ముంగిళ్ళలో, బీటవారిన నేలలో సైతం పూసే బిళ్ళగన్నేరును తీసుకుందాం. 1950 ప్రాంతంలో జమైకా ద్వీపంలో ఆ ఆకును చక్కెరవ్యాధికి వాడుతున్నారని తెలిసి, కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు దానిని పరీక్షించారు. చక్కెర తగ్గలేదు గాని, ఎలుకల నెత్తురులో తెల్లకణాలు పడిపోయినవి. తెల్లకణాలు మితిమీరి పెరగడమే లుకేమియా వ్యాధి గనుక, ఇది దానికి మందు కాగలదని వారు ఊహించారు. 1958లో విన్‌బ్లాస్టిన్ వెలువడింది. ఆ వెనుకనే వచ్చిన విన్‌క్రిస్టిన్ ఎందరో పసిబిడ్డలను లుకేమియా నుండి కాపాడింది. అయితే ఈ విన్‌క్రిస్టిన్ మెదడు కావలిని దాటడం చాల స్వల్పం. వ్యాధికణాలు మెదడు పొరలలో దాగుకొంటే దానికి అందవు. వైద్యులు వేరే మందును వెన్నుద్రవంలోనికి ఎక్కించవలసి వస్తుంది. విన్‌క్రిస్టిన్‌నే పొరబాటున వెన్నులోనికి ఎక్కిస్తే ప్రాణాంతకం. చేరవలసిన చోటికి చేరితే మందు, చేరరాని చోటికి చేరితే మృత్యువు. చక్కెరవ్యాధి తగ్గుతుందని మన ఊళ్ళలో కొందరు నేటికీ ఈ ఆకును ఉదయాన్నే నములుతున్నారు. వైద్యుడు మిల్లీగ్రాములు తూచి, నెత్తురు పరీక్షించి ఇచ్చే పదార్థాన్ని కొలత లేకుండా నమలడం ఎంత సాహసమో ఆలోచించండి.

ఇంతవరకు క్షారాభం లోనికి వచ్చిన కథ. అది బయటికి పోయే కథకు నాయకుడు కాలేయం. ప్రేవులనుండి నెత్తురు నేరుగా గుండెకు పోదు. ఒక పెద్ద సిరద్వారా ముందు కాలేయానికి పోతుంది. బజారునుండి తెచ్చిన సరుకును ఇల్లాలు చేటలో పోసి చెరిగి గాని వంటింట్లోకి తీసుకుపోనట్లు, తిన్నదానినంతా కాలేయం ఒకసారి చెరుగుతుంది. కొవ్వులో కరిగే పదార్థాలు మూత్రంలో సులువుగా బయటపడవు. మూత్రపిండం వడగట్టినా మరల నెత్తురులోకి ఇంకిపోతవి. అందుచేత కాలేయం వాటిని నీటిలో కరిగే రూపానికి మార్చవలసి ఉంటుంది. దీనికోసం కాలేయకణాలలో సైటోక్రోమ్ పి-450 అనే ఎంజైముల దండు ఒకటి ఉన్నది. అవి క్షారాభపు అణువుకు ఆమ్లజని తగిలించడమో, ఒక ముక్క తుంచడమో చేస్తవి. ఆపైన మరికొన్ని ఎంజైములు ఆ అణువుకు నీటితో స్నేహం గల మరొక పదార్థాన్ని జతచేస్తవి. అప్పుడది మూత్రంలోనో పైత్యరసంలోనో కలిసి వెళ్ళిపోతుంది.

ఈ పని ఎంత త్వరగా జరుగుతుందన్నది మనిషిని బట్టి ఉంటుంది. పెద్దవారి దేహంలో చేరిన కెఫీన్‌లో సగం తొలగిపోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. పొగత్రాగేవారిలో ఆ కాలం ఇంచుమించు సగానికి తగ్గుతుంది; పొగ ఆ ఎంజైములను రెచ్చగొడుతుంది. నిండుచూలాలిలో అదే పని 15 గంటలదాకా సాగవచ్చును. అప్పుడే పుట్టిన బిడ్డలో మూడు నాలుగు దినాలు పడుతుంది. ఆ చిన్న కాలేయంలో దండు ఇంకా సిద్ధం కాలేదు. పెద్దలకు పనికివచ్చిన కషాయం పసిబిడ్డకు పనికిరాదనడానికి కారణం ఇదే.

మనిషికీ మనిషికీ నడుమనే ఇంత తేడా ఉంటే, జంతువుకూ మనిషికీ నడుమ ఎంత ఉంటుంది! కొన్ని కుందేళ్ళ నెత్తురులో అట్రోపిన్‌ను ముక్కలుచేసే ప్రత్యేకమైన ఎంజైము ఒకటి ఉన్నది. అది పుట్టుకతో వచ్చే గుణం. అట్టి కుందేలు అట్రోపిన్ గల ఆకును కడుపునిండా మేసి గంతులు వేస్తూ పోగలదు. మనకా ఎంజైము లేదు. దానిని చూచి ఆ ఆకు తిన్న మనిషి ఆసుపత్రి పాలవుతాడు. తాత అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ దొరికింది. విషం మొక్కలో మాత్రమే లేదు, తిన్నవాని దేహంలోనూ ఉన్నది.

ఈ మాట గిలిగిచ్చ విషయంలో అక్షరాలా నిజం. గిలిగిచ్చ వంశపు మొక్కలలో, మనవైపు తేమనేలల్లో పెరిగే నాగదంతి వంశంలో పైరోలిజిడీన్ అనే జాతి క్షారాభాలు ఉన్నవి. ఇవి ఆరువందలకు పైగా తెలిసినవి. వీటిలో చాలవాటికి స్వతస్సిద్ధంగా క్రౌర్యం తక్కువ. తినగానే మత్తు రాదు, వాంతి కావలెనన్న నియమం లేదు. ప్రేవులనుండి అవి కాలేయానికి చేరుతవి. అక్కడ వాటికి మూడు దారులు. మొదటిదారిలో కొన్ని ఎంజైములు అణువును రెండుగా చీలుస్తవి. ముక్కలు నిరపాయంగా మూత్రంలో పోతవి. రెండవదారిలో అణువుకు ఆమ్లజని చేరి, నీటిలో కరిగి, అదీ పోతుంది. మూడవదారిలో అదే సైటోక్రోమ్ దండు అణువునుండి ఉదజనిని తొలగిస్తుంది. అప్పుడు పైరోల్ అనే రూపం పుడుతుంది. ఇది మహాచురుకైనది, పుట్టినచోటనే, క్షణాలలో, ఏది దొరికితే దానికి అంటుకుపోతుంది. కణంలోని మాంసకృత్తులకు అంటుతుంది, వంశసూత్రాలకు అంటుతుంది. ఇంటిని కాపాడవలసిన కావలివాడే దొంగచేతికి కత్తి అందించినట్లు, విషాన్ని విరచవలసిన కాలేయమే విషాన్ని తయారుచేస్తుంది. ఆ దెబ్బ తినేదీ ముందుగా కాలేయమే.

దెబ్బ ఎలా ఉంటుందంటే, కాలేయంలోని సన్నని సిరల లోపలిపొర వాచి, ఊడి, సిరలు మూసుకుపోతవి. కాలేయంలోనికి వచ్చిన నెత్తురు బయటకు పోయే దారి లేక నిలిచిపోతుంది. తూము పూడిన చెరువులో నీరు గట్టుమీదికి పొర్లినట్లు నీరు పొట్టలోనికి ఊరుతుంది. కాళ్ళుచేతులు పుల్లలవుతవి, పొట్ట కుండలా ఉబ్బుతుంది. మన వైద్యులు జలోదరమని పిలిచే స్థితి ఇది. తిన్న క్షారాభంలో అధికభాగం ఒక దినంలోనే మూత్రంలో పోవచ్చును. కణాలకు అంటుకుపోయిన పైరోల్ మాత్రం చాలకాలం నిలిచి ఉంటుంది. అందువల్ల రోజుకు కొంచెం చొప్పున తిన్నవాడు, నాకేమీ కాలేదని అనుకుంటూనే, వారాలు గడచిన తరువాత మంచం పడతాడు. పొట్ట ఉబ్బిననాడు, ఎప్పుడో తిన్న గింజను ఎవరు జ్ఞప్తికి తెచ్చుకుంటారు?

1954లో జమైకాలో బ్రాస్, జెలిఫ్, స్టువర్ట్ అనే వైద్యులు పసిపిల్లలలో ఈ వ్యాధిని వర్ణించారు. జలుబుకూ జ్వరానికీ తల్లులు ప్రేమతో కాచి పోసిన అడవి ఆకుల కషాయం అందుకు కారణమని తేలింది. ఆ ఆకులలో గిలిగిచ్చ వంశపు మొక్క ఉన్నది.

మన దేశంలోనూ ఇది జరిగింది. ఆనాటి మధ్యప్రదేశంలో, నేటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న సర్గుజా జిల్లాలో, 1973–75 మధ్య గిరిజన గ్రామాలలో పొట్ట ఉబ్బే జబ్బు ఒకటి చెలరేగింది. 67 మంది రోగులను వైద్యులు పరిశీలించగా వారిలో 28 మంది మరణించారు. ఢిల్లీనుండి టాండన్ బృందం వెళ్ళింది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుండి కృష్ణమాచారి, రమేష్ భట్ మొదలైన శాస్త్రజ్ఞులు వెళ్ళారు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై తరువాత హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. వారు రోగుల ఇండ్లలోని ధాన్యపు కుండలు వెదికారు. ఆ గ్రామాలవారి తిండి గొంద్లీ అనే చిరుధాన్యం. అది మరేదో కాదు, మన సామలే. ఆ సామలలో గిలిగిచ్చ వంశపు కలుపుమొక్క గింజలు కలిసి ఉన్నవి. పైరుతోపాటే మొలిచి, పైరుతోపాటే కోతకు వచ్చి, కళ్ళంలో సామలతో కలిసి, రోకలికింద నలిగి, అన్నమై విస్తరిలోకి వచ్చినవి. ఎవరూ విషం పెట్టలేదు. తమ చేనిలో తాము పండించుకున్న కూడు తిని ఆ కుటుంబాలు అలా అయిపోయినవి.

ఇంచుమించు అదే కాలంలో అఫ్ఘానిస్తాన్ వాయవ్య ప్రాంతంలో ఇంకా పెద్ద ఘోరం జరిగింది. రెండేండ్ల గడ్డుకరువు తరువాత గోధుమ పొలాలలో నాగదంతి వంశపు కలుపు పెచ్చుపెరిగి దాని గింజలు గోధుమలలో కలిసినవి. సుమారు 35,000 మంది జనం ఉన్న ఆ ప్రాంతంలో 7,200 మందిని పరీక్షిస్తే నూటికి 22 మందికి పైగా కాలేయవ్యాధి లక్షణాలు కనబడినవి. 1976లో లాన్సెట్ వైద్యపత్రిక ఈ రెండు దేశాల వృత్తాంతాలనూ ప్రకటించింది.

అఫ్ఘానిస్తాన్‌లో ఆ కలుపును పెంచినది కరువే. అనంతపురం వాసులమైన మనకు ఈ మాట నిలిచి వినదగినది. కరువుకూ ఈ విషానికీ మూడు ముళ్ళు ఉన్నవి. వాన తప్పినప్పుడు పైరు చనిపోతుంది, మొండి కలుపు మిగులుతుంది. నీటి ఎద్దడిలో కొన్ని మొక్కలలో క్షారాభాల పాలు పెరుగుతుందని ప్రయోగాలు చెబుతున్నవి కూడా. ఇది మొదటి ముడి. పంట బాగా పండిన ఏడు ఇల్లాలు ధాన్యాన్ని రెండుసార్లు చెరిగి, మట్టినీ మడ్డినీ పారవేస్తుంది. నాలుగు శేర్లే చేతికి వచ్చిన ఏడు, గింజ అన్నదేదీ పారవేయడానికి చేయి రాదు. ఇది రెండవ ముడి. మూడవది దేహంలోపల పడే ముడి. పైరోల్ పుట్టగానే దానిని పట్టుకొని నిర్వీర్యం చేసే గ్లూటాథయోన్ అనే రక్షకపదార్థం కాలేయంలో ఉన్నది. కాలేయం దానిని మాంసకృత్తుల నుండి తయారుచేసుకుంటుంది. పప్పు, పాలు, గ్రుడ్డు కరవైనవారి దేహంలో ఆ రక్షకుడు తగ్గిపోతాడు. అంటే విషం ఎక్కువగా తినవలసివచ్చే కాలంలోనే విషాన్ని ఓర్చుకునే శక్తి తక్కువగా ఉంటుంది. కరువు గాదెను ఖాళీచేయడంతో ఆగదు. కాలేయాన్ని కూడా ఖాళీచేస్తుంది. పిల్లలు ఈ దెబ్బకు ముందుగా గురి అవుతారు.

ఇప్పుడు తాత గొర్రె దగ్గరికి తిరిగివద్దాం. గొర్రె ఎందుకు బ్రతికింది? గొర్రె నెమరువేసే జంతువు. అది మేసిన ఆకు ముందుగా పెద్దపొట్టలో చేరుతుంది. అక్కడ కోట్లకొలది సూక్ష్మజీవులు కాపురముంటవి. వాటిలో కొన్ని ఈ క్షారాభాలను, కాలేయానికి అందకముందే, విరిచివేస్తవి. అట్టి సూక్ష్మజీవిని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు గొర్రె పొట్టనుండి వేరుచేసి చూపించారు. విరగక మిగిలినదానిని గొర్రె కాలేయం చాలవరకు నిరపాయమైన దారులకే మళ్ళిస్తుంది. గుఱ్ఱానికీ పందికీ ఈ భాగ్యం లేదు. ఆవు సైతం గొర్రె అంత గట్టిది కాదు. మనిషికి నెమరువేసే పొట్టే లేదు. గొర్రె తిన్న ఆకు, మనిషి తిన్న ఆకు చూడటానికి ఒకటే. దేహంలో వాటి బాట ఒకటి కాదు.

మరొక సంగతి కూడా తాతకు చెప్పవలసి ఉన్నది. గొర్రె గట్టిదే గాని వజ్రకాయం కాదు. ఆస్ట్రేలియాలో నాగదంతి వంశపు మొక్కలను ఒక సాలు మేసి తెప్పరిల్లిన మందలు, మరుసటి సాలు కూడా వాటినే మేసి, కాలేయాలు చెడి గుంపులుగా చనిపోయినవి. ఒక్క కరువులో బ్రతికిన గొర్రె రెండవ కరువులో ఎందుకు చచ్చిందో కాపరికి తెలియక, గాలి సోకిందనో దేవర కోపమనో అనుకోవచ్చును. కారణం ముందటి ఏటి మేతలో ఉండవచ్చును. వేరే మేత అందిన వెంటనే మందను ఆ గట్లనుండి మళ్ళించడం కాపరికి లాభం. విషపుమేత మేసిన పశువు పాలలోనికి సైతం ఈ క్షారాభాలు కొద్దిగా దిగుతవని మరువరాదు.

ఇక గృహస్థులు చేయదగిన పనులు చాల సులువైనవి. మొదటిది, కలుపును కాయ కట్టకముందే చేనిలోనుండి పీకివేయడం. ఈ క్షారాభాలు తిండిలో చేరకుండా కలుపును అదుపుచేసే పద్ధతులను 2014లో కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం ఒక నియమావళిగా ప్రకటించింది. దాని సారం మన రైతుకు తాతముత్తాతలు చెప్పినదే. రెండవది, చెరగడం, జల్లించడం, ఏరడం. గిలిగిచ్చ గింజ సామగింజలా గుండ్రంగా ఉండదు. మూత్రపిండం ఆకారంలో వంకర తిరిగి, నున్నగా ఉంటుంది. తెల్లని బట్టమీద పిడికెడు ధాన్యం పోసి చూస్తే కంటికి చిక్కుతుంది. ఉడికిస్తే విషం పోతుందిలే అనుకోరాదు. వంటవేడికి ఈ క్షారాభాలు లొంగవు, అన్నంలోనే నిలుస్తవి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన తరువాత పట్టణాలవారు సైతం కొర్రలు, సామలు కోరి తింటున్నారు, అది మేలే. సంచిమీది పేరు చూచి ఊరుకొనక గింజను చూచి వండుకోవలెను. మూడవది, పేరు తెలియని ఆకు కషాయాలను, ముఖ్యంగా పసిపిల్లలకూ గర్భిణులకూ, దినదినమూ త్రాగించకుండటం. నాలుగవది, పిల్లలు ఉమ్మెత్త కాయ వంటిది తిన్నారని అనుమానం కలిగితే ఉప్పునీళ్ళు పోయడం, వాంతి చేయించడం మొదలైన ప్రయత్నాలతో కాలం గడపక, తిన్న కాయనో ఆకునో చేతపట్టుకొని వెంటనే ఆసుపత్రికి పోవడం. ఆ ఆకు చూస్తే వైద్యునికి సగం దారి తెలుస్తుంది.

ఆ తాతను నేను మరల చూడలేదు. కనబడితే ఇలా చెప్పేవాణ్ణి: “తాతా, నీవు కరువులో గొర్రెను గురువుగా ఎంచుకున్నావు. నీరెక్కడ ఉన్నదో, పచ్చిక ఎక్కడ ఉన్నదో అది నీకు చూపగలదు. తన పొట్టలో ఏమి జరుగుతున్నదో మాత్రం అది నీకు చెప్పలేదు. దాని పొట్ట వేరు, నీ పొట్ట వేరు.”

ఆయన నవ్వేవాడేమో. నవ్వి, “మరి గింజలు లేనప్పుడు ఏం తినాల సామీ?” అని అడిగితే మాత్రం, దానికి జవాబు చెప్పవలసినది ఒక్క రసాయనశాస్త్రమే కాదు. మంచి గింజ ప్రతి ఇంటికీ అందితే, చెడ్డగింజను ఏరి పారవేయడానికి ఏ ఇల్లాలికీ చేయి వెనుకాడదు. ఆ పూచీ మనందరిదీ. సెలవు.